నేను చదివానన్న రాయి

ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇల్లు మాదే. కాగితాలు సరిగ్గానే ఉన్నాయి, బేరంలోనూ మోసం లేదు. అయినా తాళం తీసిన ప్రతిసారీ ఎవరో చూస్తున్నట్టు ఉంటుంది. ఏళ్ళు గడిస్తే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఖిలా వరంగల్ చూసి పోయేవాళ్ళకు తోరణాలు గుర్తుంటాయి. మాకు అది ఊరు. మట్టికోట లోపల మనుషులుంటారు, పొలాలుంటాయి, కోడిపిల్లలుంటాయి. కొన్ని ఇళ్ళ గోడల్లో ఇటుకల మధ్య చెక్కిన రాయి ఒకటి కనిపిస్తుంది. ఎవరి తాత ఎక్కడి నుంచి తెచ్చి పెట్టాడో ఎవరూ అడగరు. ఇక్కడ ఇల్లు కొంటే పైన ఇంకో అంతస్తు వేయడం కష్టమని, అనుమతులు ఓ పట్టాన రావని అందరూ భయపెట్టారు. నాకు అంతస్తు అక్కర్లేదు. నాకు ఆ చోటే కావాలి.

ఎందుకంటే నేను చదువుకున్నదాన్ని. అంటే, పదో తరగతితో ఆగిపోయినదాన్నే. మిగతాదంతా లైబ్రరీలో కూర్చుని నాకు నేను చదువుకున్నాను. పొద్దంతా బ్లౌజులు కుట్టి, సాయంత్రం కాకతీయుల చరిత్ర పుస్తకాల ముందు కూర్చునేదాన్ని. అక్కడి సార్ నన్ను చూడగానే కుర్చీ చూపించేవారు. ఆ కుర్చీ నాకు ఎంత గర్వమో ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది. ఎవరింటికి పోయినా ఏ రాజు ఏ చెరువు తవ్వించాడో చెప్పకుండా వచ్చేదాన్ని కాదు. మా ఆయన ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు తూకం వేసే పని చేస్తాడు. వినీ వినీ నవ్వి ఊరుకునేవాడు.

ఇల్లు అమ్మే ఆమెను కొమురక్క అని పిలుస్తాను. అసలు పేరు అది కాదు. అప్పటికి యాభై దాటిన మనిషి, భర్త లేడు. కొడుకు మడికొండలో, కంపెనీల పిల్లలు తిరిగే చోట టిఫిన్ సెంటర్ పెట్టాలనుకున్నాడు. ఇల్లు అమ్మి అక్కడికి రమ్మంటున్నాడు. ఆమె సగం మనసుతో ఒప్పుకుంది. మిగతా సగం పెరట్లో ఉంది.

పెరట్లో చేదబావి. బావి పక్కన బట్టలుతికే చోట ఒక నల్లరాయి, దాని మీద నాలుగు వరుసల పాత అక్షరాలు. పసుపు రాసి రాసి అక్షరాల గుంటలన్నీ పచ్చగా ఉన్నాయి. మేము రెండోసారి ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు నేను నేరుగా ఆ రాయి దగ్గరికే పోయి కూర్చున్నాను.

"మస్తుమంది వచ్చిండ్రు చెల్లె," అంది కొమురక్క. "ఒకడు గోడ కొట్టి చూసిండు. ఒకడు బావిల నీళ్ళు పుక్కిలించి ఊసిండు. రాయి దిక్కు చూసినదానివి నువ్వే."

"మా ఇంటామెకు ఖిలల ఉన్న రాళ్ళన్ని సుట్టాలే అక్కా," అన్నాడు మా ఆయన.

ఆమె నవ్వలేదు. నా పక్కన వచ్చి కూర్చుంది.

"మా అత్త పానం పోయేటప్పుడు ఒక మాట చెప్పింది. గీ రాయి మీద పెద్దలు రాసిన మాట ఉన్నదట. అదేందో ఎరుక చేసుకోకుంట ఇల్లు ఇడిసి పోవద్దన్నది. పొమ్మని ఉన్నదో, పోవద్దని ఉన్నదో నాకేమెరుక? నువ్వు సదువుకున్నదానివి. జర చూసి చెప్పు చెల్లె. పోవద్దని ఉంటే నేను పోను. కొడుకుకు గదే చెప్పిన."

నాకు ఆ లిపి రాదు. పుస్తకాల్లో దాని బొమ్మలు చూశాను. కింద ఇప్పటి తెలుగులో అచ్చు వేసింది చదివాను. రాతి మీద చదవడం వేరే విద్య. అది నాకు తెలుసు. ఆమెకు తెలియదు.

వేలితో మొదటి వరుస మీద గీసుకుంటూ పోయాను. ఎందుకు గీశాను? అప్పటికే అబద్ధం మొదలైందా, లేక నిజంగానే ఒక్క అక్షరమైనా దొరుకుతుందేమోనని ఆశపడ్డానా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. రెండో వరుసకు వచ్చేసరికి నా నోరు దానంతటది తెరుచుకుంది.

"విడిచి పోవువారికి మేలు. వచ్చి నిలుచువారికి మేలు. ఈ నీరు ఇరువురిది."

పుస్తకాల భాషలోనే అన్నాను. ఆ ధోరణి నాకు బాగా పట్టుబడింది. కొమురక్క కాసేపు రాయినే చూసింది. తర్వాత కొంగు కళ్ళకు ఒత్తుకుని, తడి చేతిని నా తల మీద పెట్టింది. "బరువు దింపినవ్ చెల్లె," అంది. ఆమె దింపుకున్న బరువు ఎక్కడికి పోయిందో ఆమెకు తెలియదు.

ఇల్లు మాకే ఇచ్చింది. వేరే ఎవరికీ ఇవ్వనంది.

కొమురక్క వెళ్ళిపోయింది కానీ దూరం కాలేదు. బీపీ మాత్రల కోసం దవాఖానకు వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేది. చేతిలో డబ్బా, అందులో పల్లీ చట్నీ. గడప దాటుతూనే "నా నీళ్ళు నాకు పొయ్యి," అనేది. రాయి ఇచ్చిన హక్కు కదా. నేను చేది పోసేదాన్ని. తాగాక, "ఒక్కసారి సదువు చెల్లె," అనేది. నేను చదివేదాన్ని. ఒకసారి రెండు మాటలు చెప్పి ఆపేశాను.

"నీళ్ళ ముచ్చట ఇడిసిపెట్టినవ్," అంది.

పసుపు అడ్డం వచ్చిందన్నాను. ఆమె కొంగుతో పసుపు తుడిచి, "గిప్పుడు చూడు," అంది. నేను చూసి, నీళ్ళ మాట చెప్పాను. ఆ రోజు తర్వాత తడబడకుండా కంఠతా పెట్టుకున్నాను.

మా అమ్మకు నేనే పెద్దదాన్ని, నాకు అక్క లేదు. కొమురక్క నాకు అక్క అయింది. నాకు జ్వరం వస్తే మడికొండ నుంచి ఆటోలో వచ్చి గంజి కాచింది. ఇదే నన్ను తినేసేది. ఆమె పరాయిదైతే ఏదో ఒక రోజు చెప్పేసేదాన్నేమో. ఆ అబద్ధం వల్లే ఆమె నాకు దొరికింది. అది తీసేస్తే ఏం మిగులుతుంది?

టిఫిన్ సెంటర్ ఎక్కువ కాలం నడవలేదు. కొడుకు ఇప్పుడు వేరేవాళ్ళ దుకాణంలో దోసెలు పోస్తాడు. ఆమె ఒక హాస్టల్లో వంటకు పోతుంది, కిరాయి గదిలో ఉంటుంది. ఇల్లు అమ్మినందుకు బాధగా ఉందా అని ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"రాయి మేలని చెప్పింది గదా," అంది. "మేలు బయలెల్లే ఉంటది. ఆటో దొరుకుతలేదు కావచ్చు."

నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె వెళ్ళాక అన్నం తినలేకపోయాను.

అప్పుడు నిజంగానే ఆ లిపి నేర్చుకుందామని కూర్చున్నాను. అక్షరాల పట్టికలు తెచ్చి, రాయి ముందు పెట్టుకుని పోల్చాను. చాలా రోజులకు ఒక మాట కుదిరినట్టు అనిపించింది. 'కొడుకు' కావచ్చు. 'కొడుకులకు' కావచ్చు. కొడుకులకు ఏమని? ఉండమనా? పుస్తకం మూసేశాను. జీవితంలో ఒక పుస్తకాన్ని భయపడి మూయడం అదే మొదటిసారి.

ఆ తర్వాత చేసింది చెప్పడమే నాకు కష్టం. ఇంతవరకు రాసింది నేను చేసిన తప్పు. ఇది పాపం.

శాసనాలు చదివే పిల్ల ఒకతి, కాలేజీలో పరిశోధన చేస్తోందట, ఇల్లిల్లూ అడుగుతూ మా గుమ్మంలోకి వచ్చింది. భుజాన సంచి, చేతిలో చుట్టిన కాగితాలు. "మీ పెరట్లో రాయి ఉందన్నారు ఆంటీ. తడి కాగితం అద్ది అచ్చు తీసుకుంటా. ఏం రాసుందో మీకు కూడా చెప్తా," అంది. ఎంత ముచ్చటైన పిల్ల. ఆ వయసులో నేను కావాలనుకున్న మనిషే నా ముందు నిలబడి ఉంది. నేను గడపకు అడ్డంగా నిలబడి, అలాంటి రాయేదీ లేదన్నాను. పక్కింటివాళ్ళు పొరపాటు పడి ఉంటారన్నాను. మంచినీళ్ళు కూడా అడగకుండానే పంపించేశాను.

ఆమె మళ్ళీ వస్తుందేమోనని భయం పట్టుకుంది. పెరట్లో సిమెంటు చేయించాలని మా ఆయనతో పోరు పెట్టాను. మేస్త్రీతో ఆ రాయిని బోర్లా తిప్పించాను. అక్షరాలు కిందికి, నున్నటి వీపు పైకి. చుట్టూ సిమెంటు పోయించాను. అక్షరాల వల్లే మనిషినయ్యానని చెప్పుకునే నేను, ఎవరూ చదవకుండా అక్షరాలను మన్నులో పెట్టాను. రేపు పగలగొట్టి తీస్తే ఆ గుంటలు మిగులుతాయా, సిమెంటు పాలవుతాయా? తెలియదు.

అక్షరాలు వానకు అరిగిపోతాయని తిప్పించానని కొమురక్కకు చెప్పాను. ఆమె నా వీపు నిమిరింది. "మంచి పని చేసినవ్ చెల్లె. ఇంకేం సదివేది ఉన్నది, నాకు నోటికి వచ్చె," అని ఆ మూడు మాటలూ ఆమే అప్పజెప్పింది. నా అబద్ధాన్ని ఆమె గొంతులో విన్నాను. నేను చెప్పినదాని కంటే ఎంతో అందంగా ఉంది.

ఆమెతో చెప్పాలా? చెబితే ఆమెకు మిగిలిన మేలు అనే మాటను కూడా లాక్కున్నట్టవుతుంది. చెప్పకపోతే ఆమె ఆటో కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఏది ఆమె కోసం ఆలోచిస్తున్నది, ఏది నా కోసం? ఇన్నేళ్ళు చదివిన ఏ పుస్తకమూ నాకు ఆ తేడా చెప్పలేదు. ఆమె క్షమించినా, ఆ క్షమను తీసుకునే అర్హత నాకు లేదు. వచ్చే వారం మాత్రల కోసం వస్తానంది. నేనేం చేస్తానో నాకే తెలియదు. ధైర్యం వచ్చిందని రాస్తే అదీ అబద్ధమే.

ఒక్కటి మాత్రం చేశాను. ఇది రాస్తూ రాస్తూ కలం ఆపి, ఎవరూ లేని ఇంట్లో పైకే అన్నాను. నాకు ఆ అక్షరాలు చదవడం రాదక్కా. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు.

ఎంత చిన్న మాట. ఇన్నేళ్ళకు, అన్నాను.