నాచారంలో చేతులు కట్టుకుని ఒక రోజు

ఐటీఐలో ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్‌గా నేను రిటైరైన రెండేళ్లకు ఒక ఫోన్ వచ్చింది. నాచారంలో ఒక ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీ. ఫిట్టర్ క్లాసులో పిల్లలు నిలవడం లేదు, ఒకసారి వచ్చి మా ఇన్‌స్ట్రక్టర్లకు నాలుగు మాటలు చెప్పమన్నారు ప్రిన్సిపాల్ గారు. ఎగిరి గంతేశానంటే నమ్మండి. వర్క్‌షాపు వాసన కోసం మొహం వాచి ఉన్నాను మరి.

హనుమకొండలో ఉదయం ఆరుంబావుకు బస్సెక్కాను. నాచారం, మల్లాపూర్ వైపు పోయేవాళ్లు సిటీ లోపలిదాకా పోనక్కర్లేదు, ఉప్పల్ రింగ్ రోడ్డులో దిగితే చాలు. పక్క సీట్లో చర్లపల్లిలో ఏదో కంపెనీలో పనిచేసే ఆయన కూర్చున్నాడు. నేను పోయే పని చెబితే, తన తమ్ముడూ అలాంటి కాలేజీలోనే చేరి ఆర్నెల్లకు మానేశాడన్నాడు. ఎందుకని అడిగాను.

“ఏమో సార్. సార్లు మంచోళ్లే అంటడు. కొట్టలే, తిట్టలే. మరెందుకు బందువెట్టినవ్‌రా అంటే నోరిప్పడు.”

బద్ధకం, ఇంకేముంది అని మనసులోనే తీర్పు చెప్పేసి, జనగామ దాటాక ఓ కునుకు తీశాను.

తొమ్మిదిన్నరకు ఉప్పల్‌లో దిగి, మెట్రో స్తంభాల కింద బండి దగ్గర ఇడ్లీ తిని, ఆటోలో నాచారం చేరేసరికి పదింబావు. గేటు దగ్గరే గ్రైండింగ్ చప్పుడు వినిపించింది. ప్రాణం లేచొచ్చింది.

ఫిట్టర్ క్లాసు స్వప్న అనే అమ్మాయిది. ఇరవై ఏడేళ్లుంటాయేమో, చేతి పని మాత్రం బంగారం. దసరాకు ముందు ఇరవై మంది విద్యార్థులు, ఇప్పుడు పదకొండు. ఇంకొక్కరు తగ్గినా బ్యాచ్ మూసేస్తారట, స్వప్న ఉద్యోగమూ పోతుందట. ఆ తగ్గబోయే మనిషి అప్పటికే ఆఫీసు ముందు కూర్చుని ఉంది. పేరు శిరీష, మల్లాపూర్ పిల్ల. టెన్త్ మెమో, టీసీ వెనక్కి తీసుకుపోవడానికి వచ్చింది. ఉప్పల్‌లో సూపర్ మార్కెట్లో బిల్లులు కొట్టే పని దొరికిందట.

స్వప్న నాకు అరలో ఉన్న ఇనుప ముక్కలు చూపించింది. విద్యార్థులు ఆకురాయితో, అదే ఫైల్‌తో, అరగదీసి చదరంగా చేసినవి. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చే మూలమట్టం పెట్టి చూశాను. పదకొండూ సందు లేకుండా కూర్చున్నాయి. అన్నిటి మీదా ఒకే చేతి ఆకురాయి గీతలు. నాకు అనుమానమొచ్చి అడిగితే తల దించుకుంది. పిల్లలు తంటాలు పడుతుంటే చూడలేక తనే అందుకుని పూర్తి చేసేస్తుందట. ఇరవై తొమ్మిదేళ్లు నేనూ చేసింది అదే.

శిరీషను పిలిచి మెల్లగా కదిలించాను.

“మేడం మస్తు మంచిది సార్. జర వంకర వోతే చాలు, ఫైల్ గుంజుకొని తనే జేస్తది. మేం సూస్కుంట నిలవడ్తం. నా పేరు మీదున్న ముక్క నేను జేసింది కాదు. ఆడ బిల్లు కొడితే, గది నేను కొట్టిందే గద.”

స్వప్న మొహం పాలిపోయింది. బస్సులో ఆయన తమ్ముడు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

ఈ ఒక్క పూట ఉండమ్మా, కాగితాలు సాయంత్రం తీసుకుపో అన్నాను. శిరీష అయిష్టంగానే కొత్త ముక్క వైస్‌లో బిగించింది. స్వప్నకూ నాకూ ఒకటే షరతు పెట్టాను. చేతులు వెనక్కి కట్టుకోవాలి. అడిగితే నోటితో చెప్పాలి, ముట్టుకోకూడదు.

పదకొండున్నరకు మొదలైంది. అబ్బ, నరకం. ముక్క ఎడమకు వాలిపోతోంది, ఆమె మోచెయ్యి ఎగిరిపోతోంది. తెలియకుండానే నా చెయ్యి ముందుకు పోతే స్వప్న గట్టిగా దగ్గింది. ఒంటిగంటకు క్యాంటీన్లో పప్పన్నం తిని వచ్చేసరికి శిరీష అక్కడే ఉంది. మూడింటికి మూలమట్టం పెట్టి వెలుతురుకెత్తి చూసుకుంది. సందులోంచి వెలుగు బాగానే కనబడుతోంది. నేనైతే పది నిమిషాల్లో తేల్చేద్దును.

నాలుగింటికి బెల్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు కాగితాల కవరు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. శిరీష అటు చూడలేదు. ముక్కను గుడ్డలో చుట్టి బెంచి సొరుగులో పెట్టింది.

“దీన్ని ఎవరు ముట్టొద్దు మేడం. పొద్దుగాల వచ్చి నేనే జేస్త.”

స్వప్న తల ఊపింది.

ఐదున్నరకు ఉప్పల్‌లో బస్సు దొరికింది, కిటికీ పక్క సీటు కూడా. ఘట్‌కేసర్ దాటేదాకా నా పాత విద్యార్థుల పేర్లు గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. ఎంతమంది చేతుల్లోంచి ఆకురాయి లాక్కున్నానో, అందులో ఎంతమంది నోరిప్పకుండా వెళ్లిపోయారో. నేను మంచి సారునని ఊరంతా అనేది, నేనూ నమ్మాను. ఒక్కసారి వాళ్లందరినీ బెంచీల ముందు నిలబెట్టి, దూరంగా నిలబడి చూడాలని ఎంత ఉందో చెప్పలేను. రేపు తొమ్మిదింటికి శిరీష ఆ సొరుగు తెరుస్తుంది. నేను హనుమకొండలో పేపరు చదువుకుంటూ ఉంటాను.