అడ్రస్ లేని మూట

ముందే ఒక మాట చెప్పేస్తాను. దయ్యాలు, గాలి సోకడాలు, పోయినవాళ్లు కలలోకి వచ్చి కబురు చెప్పడాలు, ఇవేవీ నా తలకెక్కవు. మా అమ్మ చర్చికి పోయేది. నాయన ఏ గుడికీ, ఏ చర్చికీ పోయేవాడు కాదు. నాకు నాయన బుద్ధే వచ్చింది. పైగా పన్నెండేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని బతుకుతున్నదాన్ని. ఏ వింత జరిగినా దాని వెనక ఎక్కడో ఒక సెట్టింగ్ ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది అని నా నమ్మకం. ఈ ఒక్క విషయంలో వెతికాను, దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

మాది పామిడి. బస్టాండు దాటి పెన్న వైపు పోయే దారిలో నాకొక చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పంట నమోదు, ధ్రువపత్రాలు, హాల్ టికెట్లు, అన్నీ చేస్తాను. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, నేను. మా ఆయన యోహాను ఆటో నడుపుతాడు. అమ్మ పోయాక నాయన మా దగ్గరే ఉంటున్నాడు.

నాయన పేరు పుల్లన్న. నలభై ఏళ్లు శెనక్కాయ మిల్లులో మార్కర్‌గా మూటల మీద అడ్రస్సులు రాసిన మనిషి. గోనెసంచి మీద నల్లరంగు బ్రష్షుతో, ఇంగ్లీషు అక్షరాల్లో, సరుకు ఎవరికి పోవాలో ఆ పేరు, ఆ ఊరు. చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు మాట ఒక్కటి రాదు, అక్షరాలు మాత్రం అచ్చు గుద్దినట్టు రాస్తాడు. అడ్రస్ లేని మూట యాడికీ పోదు అనేది ఆయన ఊతపదం. నాకు సంబంధాలు చూసేటప్పుడు కూడా అదే మాట అని, వచ్చినవాళ్లను అయోమయంలో పడేసేవాడు.

రెండేళ్ల నుంచి ఆయనకు మతిమరుపు. అనంతపురంలో చూపిస్తే, ఇది తగ్గేది కాదమ్మా, ఒంటరిగా బయటికి పంపొద్దు అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి పొద్దున్నే నాతోపాటు సెంటర్‌కి తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టేదాన్ని.

ఒకరోజు తెర మీద పైన పొడుగ్గా ఉన్న ఆ తెల్ల గడి ఏమిటని అడిగాడు. అడ్రస్ బార్ అన్నాను. అంతే. నేను టీ తాగి వచ్చేసరికి ఆయన ఒంటి వేలితో తన పేరు, మిల్లు మార్కర్, పామిడి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పెట్టాడు. ఇదేం పని నాయనా అంటే, అడ్రస్ రాసేదని నువ్వే అంటివి కదమ్మా, మనమెవురో తెలీకుండా అది పనెట్ల చేస్తాది అని నన్నే ఎదురడిగాడు. నవ్వలేక చచ్చాను. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. రోజుకు పదిసార్లు, జనం లేనప్పుడల్లా వచ్చి తన అడ్రస్ రాసి, ఎంటర్ కొట్టి, పని అయిపోయినట్టు పోయి కూర్చునేవాడు.

ఇక్కడ కొంచెం బ్రౌజర్ సంగతి చెప్పాలి. అడ్రస్ బార్‌లో ఒక అక్షరం కొడితే దాని కింద వరసగా కొన్ని పేర్లు వస్తాయి. ఏది ఎక్కువసార్లు తెరిచాం, ఏది ఈమధ్యనే తెరిచాం, రెండూ కలిపి లెక్కగట్టి అది వరస పెడుతుంది. మా పంట నమోదు సైటు P తో మొదలవుతుంది. మా వైపు సెంటర్లు నడిపేవాళ్లందరికీ ఒకటే అలవాటు. P కొట్టు, కింది బాణం ఒకసారి నొక్కు, ఎంటర్. తెర చూడం. ఎదురుగా నిలబడిన రైతు మొహం చూస్తూ కొట్టేస్తాం. కర్మ కాలి నాయన పేరు కూడా P తోనే మొదలు. ఆయన రాయగా రాయగా ఆ అడ్రస్ ఎక్కి వచ్చి మొదటి వరసలో కూర్చుంది. నేను సైటు తెరవబోతే పుల్లన్న తెరుచుకునేవాడు.

ఆషాఢం వచ్చింది. మా దగ్గర ఆషాఢమంటే గాలే. మబ్బులు గుంపులుగా వస్తాయి, కర్ణాటక వైపు నుంచి వచ్చి తలల మీదుగానే పోతాయి, చుక్క రాలదు. పగలంతా ఎర్రమన్ను లేచి, వీధి చివర ఏముందో కనబడదు. అలాంటి రోజుల్లోనే పంట నమోదు. వాకిట్లో ఇరవై మంది, సర్వరు నత్తనడక, నాకు తిక్క. నాలుగోసారి పుల్లన్న తెరుచుకునేసరికి అందరి ముందే సెట్టింగ్స్ తెరిచాను. పాత సందర్శనలు చూపించవద్దని టిక్కు తీసేశాను. నేను గుర్తు పెట్టుకున్న సైట్లు మాత్రమే, అవీ నేను చెప్పిన వరసలోనే రావాలని పెట్టాను. హిస్టరీలో నాయన రాసిన వరసలన్నీ ఒక్కొక్కటే చెరిపేశాను. పని చకచకా సాగింది. గొప్పపని చేశాననుకున్నాను.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక నాయన వచ్చి కూర్చుని P కొట్టాడు. ఆయన వరస రాలేదు. మళ్లీ కొట్టాడు.

"నా అడ్రస్ యాడ పోయిందమ్మా?"

"తీసేసినా నాయనా. పనికి అడ్డమొస్తాంది."

కాసేపు తెరనే చూశాడు. "అట్లయితే నేను యాడుండానో దానికెట్ల తెలుస్తాది?" అన్నాడు.

దానికి తెలియాల్సిన పనేమీ లేదు, పోయి ఆ మూల కూచో అన్నాను. నా నోరు పడిపోను. చిన్నపిల్లవాడిలా లేచి పోయి మూల కూర్చున్నాడు.

మరునాడు పదకొండు గంటలప్పుడు తల తిప్పి చూస్తే కుర్చీలో ఆయన లేడు.

మొదట వెనక్కి పోయుంటాడనుకున్నాను. తర్వాత టీ కొట్టు, తర్వాత బస్టాండు, తర్వాత మిల్లు. మిల్లు మూసి ఎన్నో ఏళ్లయింది, గోడలే ఉన్నాయి. పెన్నలోకి దిగి ఇసుకలో ఆ చివర దాకా చూశాం. గాలికి ఇసుక పాకుతూ ఉంది, అడుగుజాడ అంటూ ఏదీ నిలవడం లేదు. పోలీస్ స్టేషన్‌లో పేరు, వయసు, బట్టలు రాసుకున్నారు. యోహాను గుత్తి రోడ్డు పట్టుకుని పోయాడు. నన్ను సెంటర్‌లోనే ఉండమన్నాడు, నాయన తిరిగొస్తే అక్కడికే వస్తాడని. ఆ ఎండలో ఎక్కడైనా పడిపోతే? ఎవరన్నా పేరడిగితే చెప్పగలడా? నిన్న నేనన్న మాటకే పోయాడా? ఇదే తిరుగుతోంది బుర్రలో.

పన్నెండున్నరకు షట్టర్ సగం దించి కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం నాకు సరిగ్గా మెలకువలో గడిచినట్టు గుర్తు లేదు. షట్టర్ కింద నుంచి ఎర్రటి వెలుతురు చాపలా నేల మీద పరుచుకుని ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. బయట గాలి ఒకటే ఊళ. ఎవరో దూరంగా నన్ను పిలుస్తున్నట్టు ఉండేది, చెవి పెట్టి వింటే ఏమీ లేదు. గడియారం చూస్తే పది నిమిషాలు, నాకేమో పూట గడిచినట్టు.

ఫోటోతో ఒక కాగితం తయారుచేసి అతికిద్దామని కంప్యూటర్ ముందుకు జరిగాను. చెయ్యి మాత్రం అడ్రస్ బార్‌లోకి పోయింది. నాయన రాసినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను, పుల్లన్న, మిల్లు మార్కర్, పామిడి. దాని పక్కనే నా ఫోన్ నంబర్. తెల్ల పంచె, ఆకుపచ్చ టవలు. ఆ తర్వాత, ఎందుకో తెలియదు, యాడుంటే ఆడనే కూచో నాయనా, నేను వస్తాండా అని అవే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాను. ఎంటర్ కొడితే పనికిరాని సైట్లేవో వచ్చాయి. మళ్లీ కొట్టాను. మళ్లీ. నేనే సెట్టింగ్ మార్చి పెట్టాను కాబట్టి P కొడితే ఆ వరస రాదు, ప్రతిసారీ మొదటి నుంచి చివరి దాకా కొట్టాల్సిందే. ఒక్క టిక్కు పెడితే పోయేది. పెట్టాలని తోచలేదు. ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. వేళ్లు నొప్పి పుట్టాయి. కళ్ల నీళ్లకు అక్షరాలు సరిగా కనబడేవి కావు. కూచో అన్నచోట ఒక అక్షరం ఎక్కువ పడేది, రెండోసారి అక్కడే పడింది, ఇంక చెయ్యి దానికే అలవాటు పడిపోయింది.

మూడు దాటాక ఫోన్ మోగింది. కొత్త నంబర్.

"పామిడి పుల్లన్న మీ మనిషేనా అక్కా? ఈడుండాడు, విడపనకల్లులో. బాగనే ఉండాడు, భయపడొద్దు."

పోలీసులు నంబర్ ఇచ్చి ఉంటారనుకుని, ఎలా తెలిసిందని కూడా అడగలేదు. యోహాను తెలిసినవాళ్ల కారు తెచ్చాడు. బళ్లారి వైపు పోయే ఆ దారంతా నాకు కలలాగే ఉంది. ఎర్రనేల పోయి నల్లరేగడి వచ్చింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా గాలిమరలు, తెల్లగా, చప్పుడు లేకుండా, అన్నీ ఒకే వైపు తిరిగి. మేం ఎంత పోయినా అవి అక్కడే ఉన్నట్టనిపించింది.

నాయన రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని బొరుగులు తింటున్నాడు. నన్ను చూసి, వస్తివా అన్నాడు. నేను ఆయన మోకాళ్లు పట్టుకుని రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను. సిగ్గు, ఎగ్గు ఏమీ లేదు. నా నాయన నాకు దొరికాడు.

ఫోన్ చేసినతను బసవరాజు. అరుగుకు ఎదురుగా రోడ్డవతల అతనిదీ నాలాంటి సెంటరే. థాంక్స్ చెప్పి, పోలీసులు ఎప్పుడు చెప్పారు అని అడిగితే, ఏ పోలీసులక్కా అన్నాడు. లోపలికి తీసుకుపోయి చూపించాడు.

అతను ఆరోజు బళ్లారి పోయి వచ్చి రెండున్నరకు తాళం తీశాడు. పంట నమోదుకు ఒక రైతు వచ్చాడు. P కొట్టాడు, బాణం, ఎంటర్. సైటు రాలేదు, ఏదో వెతుకులాట పేజీ వచ్చింది. మూడుసార్లు అంతే. ఎవడప్పా ఇది పెట్టింది అని తిట్టుకుంటూ నాలుగోసారి కళ్లు పెట్టి చదివాడట. ఎవరి పేరో, ఫోన్ నంబర్, ఆకుపచ్చ టవలు. తలెత్తి చూస్తే ఎదురుగా అరుగు మీద ఆకుపచ్చ టవలు.

నేను అతని కుర్చీలో కూర్చుని P కొట్టాను. మొదటి వరసలో ఉంది. నేను రాసిన వరసే. నాయన రాసేదాంట్లో ఫోన్ నంబర్ ఉండదు, ఆయనకు నా నంబర్ నోటికి రాదు. కూచోలో ఎక్కువ పడిన అక్షరం కూడా అలాగే ఉంది.

నాకు తెలిసినవన్నీ చూశాను. అతని బ్రౌజర్ వేరు, నా బ్రౌజర్ వేరు. అతను ఏ ఖాతాతోనూ లాగిన్ అయి లేడు. నా ఖాతా ఆ మిషన్‌లో ఎప్పుడూ తెరవలేదు, నేను ఆ ఊరు రావడమే మొదటిసారి. హిస్టరీలో ఆ వరస అతను తెరిచిన మూడుసార్లు తప్ప ఇంకెక్కడా లేదు. రోజూ యాభైసార్లు తెరిచే సైటును కిందికి తోసి పైకెక్కాలంటే దాన్ని ఆ మిషన్‌లో ఎన్ని పదులసార్లు రాసి ఉండాలి? పొద్దుట నుంచీ తాళం వేసి ఉన్న గదిలో ఎవరు రాస్తారు? నాయన ఒంటిగంటకు బస్సు దిగి కూర్చున్నప్పటి నుంచీ అరుగు దిగలేదని, బొరుగులు పెట్టిన టీకొట్టు ఆమె చెప్పింది.

తర్వాత బ్రౌజర్ల సంగతి బాగా తెలిసినవాళ్ల ఫోరంలో అంతా రాసి అడిగాను. రెండు మిషన్లలో ఒకే ఖాతా ఉందేమో చూడండి, లేకపోతే అలా జరగదు అని మర్యాదగా జవాబిచ్చారు. ఎవరైనా వచ్చి నన్నడిగినా నేనూ అదే చెప్పేదాన్ని. చూశాను, లేదు. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు, ఇవాళ్టికీ లేదు.

ఒక్క సంగతి మాత్రం ఆ ఫోరంలో రాయలేదు. తిరిగి వస్తుంటే కారులో నాయన నా భుజం మీద తల వాల్చి ఉన్నాడు. బస్సు దిగినాక ఇంకెక్కడికీ పోకుండా అక్కడే ఎందుకు కూర్చున్నావని అడిగాను.

"నువ్వే కదమ్మా ఆడనే కూచోమంటివి. వస్తాండానంటివి," అన్నాడు. కొంచెం విసుగ్గా, "ఒగసారి చెప్తే చాలదా? అన్నిసార్లు పిలుస్తావా?" అని కళ్లు మూసుకున్నాడు.

ఆ వరస నేను రాసినట్టు అప్పటికి యోహానుకు కూడా చెప్పలేదు. ఆ మధ్యాహ్నమంతా సెంటర్‌లో నేను నోరు తెరిచి ఒక్క మాట అనలేదు.