అగ్గిపెట్టె మామ గడ్డి కాపలా

కోతలయ్యాక పొలంలో మిగిలే కొయ్యకాళ్ళను తగలబెట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. గాలివాటం చూసి ఒక మూల అంటించేవాడు, మంట గట్టు దాటకుండా ఆర్పేవాడు. అందుకే అందరికీ అగ్గిపెట్టె మామ అయ్యాడు. తర్వాత తగలబెట్టకూడదని సర్కారువాళ్ళు అన్నారు. ఆ గడ్డితోనే, పెట్రోలులో కలిపే ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ వెలిసింది. నిప్పు సంగతి తెలిసినవాడని ఆయన్నే గడ్డివాములకు కాపలా పెట్టారు.

“ఇన్నాళ్ళూ అంటించిన చేత్తో ఇప్పుడు ఆపడమేమిటే?” అన్నాడు భార్యతో.

“ఏదో ఒకటి చెయ్యవయ్యా, ఇంట్లో కూర్చుని నా బుర్ర తినకు.”

ఫ్యాక్టరీ లోపల జరిగేది ఆయనకు అంతుపట్టలేదు. గడ్డిని తరిగి, ఉడికించి, చక్కెరగా మార్చి, పులియబెట్టి, బట్టీలో కాస్తామని సూపర్‌వైజరమ్మ చెప్పింది.

“గడ్డి తిని ఆవు పాలిస్తుంది, అది తెలుసు. గడ్డితో మోటారు సైకిలు పరిగెత్తడమేమిటమ్మా?”

ఆమె ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. ఆయన తలూపాడు గాని ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

వానలు వెలిసిన ఒక మధ్యాహ్నం, నడిమి వాములోంచి సన్నగా పొగ లేచింది. దరిదాపుల్లో కరెంటు తీగ లేదు, పొయ్యి లేదు, ఆయన తప్ప మనిషి లేడు. పరుగెత్తుకొచ్చిన కూలీలు ముందు పొగను చూశారు, తర్వాత ఆయన్ను.

“పాత అలవాటా, మామా?” అన్నాడొకడు నవ్వులాటకే.

ఆయన జేబులు తడుముకున్నాడు. అగ్గిపెట్టె లేదు. అయినా అనుమానం పోలేదు. ఇందాక అన్నం తిన్నాక కాస్త కునుకు పట్టింది. పొలం అంటించినట్టు కల వచ్చింది. అది కలేనా?

“నేనే చేశానేమోనమ్మా. నాకే తెలియడం లేదు,” అన్నాడు సూపర్‌వైజరమ్మతో.

ఆమె యంత్రంతో వాము విప్పించింది. నడుమనున్న కట్టలు నల్లబడి సెగలు కక్కుతున్నాయి. నీళ్ళు కొట్టి ఆర్పేశారు.

“పచ్చిగా ఉన్న కట్టలు పేర్చేశారు మామా. లోపల కుళ్ళి, దానంతటదే వేడెక్కింది. మీకేం సంబంధం లేదు.”

“తడిసిన గడ్డా? నూనె పోసినా నాకెప్పుడూ అంటుకోలేదే!”

ఆమె నవ్వి, వాముల్లో గుచ్చి వేడి చూసే పొడవాటి కమ్మీ చేతికిచ్చింది. ఇకమీదట రోజూ చూడమంది.

ఇంటికెళ్ళి జరిగిందంతా చెప్పాడు.

“అయితే నువ్వు కాదన్నమాట,” అంది భార్య.

“కాదట.”

“కాదట ఏమిటయ్యా? నీ సంగతి నీకు తెలియదూ?”

ఆయన మరోసారి జేబులు తడుముకున్నాడు. కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.