నిండుకున్న ఆరు బస్తాలు

నా చిన్నప్పుడు, పెనుగొండ వెళ్ళే యాత్రికుల కోసం మా ఊళ్ళో ఒక సత్రం ఉండేది. అక్కడ లెక్కలు తనిఖీ చేసేది మా తాతయ్య. ఆయన పుస్తకం తెరిస్తే గోడమీది బల్లి కూడా నోరు మూసుకునేదని నేను చెబితే మా వాళ్ళు నమ్మరు. నమ్మకపోతే పోయె.

ఒకరోజు పుస్తకంలో ఉన్న బియ్యానికీ గదిలో ఉన్న బియ్యానికీ పన్నెండు బస్తాల తేడా వచ్చింది. అందరి చూపూ వంట చేసే పక్కింటి అత్తయ్య మీదే పడింది. గది తాళాలు ఆవిడ దగ్గరే ఉండేవి. ఆ వంట పోతే ఆవిడకి వేరే ఆధారం లేదు.

“ఎలకలు తిన్నాయంటావేంటమ్మా? అవి ఎలకలా, ఏనుగులా?” అన్నారు ధర్మకర్తగారు.

“నా కొంగున గింజుంటే చూపించండి బాబూ!” అంది అత్తయ్య. కొంగు విప్పి దులిపి చూపించింది.

తాతయ్య తల ఎత్తలేదు. “ఆవిడ సంగతి తర్వాత చూద్దామండి. పన్నెండులో సగమెంతరా?” అని నన్నడిగారు. ఆరన్నాను. ఖర్చు రాయాల్సింది పొరపాటున జమలో రాస్తే తేడా రెట్టింపవుతుందట. అందుకని జమ వైపు ఆరు కోసం వెతికారు. దొరికింది. బొంబాయిలో పుట్టి పెరిగి, కొత్తగా వచ్చిన గుమస్తా చేతిరాత అది.

“ఆరు బస్తాలూ నిండుకున్నాయని ఆవిడే చెప్పారండి. కొత్త బస్తాలొచ్చి గది నిండిందనుకున్నాను” అన్నాడతను.

“నిండుకోవడమంటే అయిపోవడం నాయనా! నలుగురికీ అన్నం పెట్టేచోట అయిపోయాయని నోటితో ఎలా అంటాను?” అంది అత్తయ్య.

గుమస్తా ముఖం వాడిపోయింది. “నీ తప్పేం లేదులే, మన మాటే అలాంటిది” అని తాతయ్య ఆ అంకె కొట్టేసి, ఖర్చులో రాశారు. తేడా పోయింది. ధర్మకర్తగారు క్షమాపణ చెప్పలేదు. పప్పు బాగా కుదిరిందమ్మా అన్నారు, అంతే. అత్తయ్య ఆ పూట ఆయన విస్తట్లో నెయ్యి వెయ్యలేదు.

ఇప్పుడు నా ఎరువుల కొట్లో లెక్కలన్నీ కంప్యూటరే చూస్తుంది. అయినా సాయంత్రానికి అప్పుడప్పుడూ తేడా వస్తుంది. ముందు దాన్ని సగం చేస్తాను. ఆ సగం ఎక్కడుందో వెతికి చూసేదాకా, కొట్లో ఎవరి ముఖంలోకీ చూడను.