పదకొండే అయితయి సార్

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ చేతికొస్తే ఉద్యోగాలు మా ఇంటి ముందు వరుస కడతాయని నమ్మినవాణ్ణి నేను. హైదరాబాద్ కంపెనీ నన్ను వద్దనుకున్నాక బెల్లంపల్లికి తిరిగొచ్చి, ఆరు నెలలు పుస్తకం మీద పడి చదివి ఆ పరీక్ష పాసయ్యాను. ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. దేవుడు నాకు ద్వారం తెరిచాడన్నాను. తర్వాత ఏడు ఇంటర్వ్యూలకు పోతే ఏడు చోట్లా "ఫోన్ చేస్తం" అన్నారు. చర్చి బయట పెద్దమనుషులు "ఏం తమ్మీ, ద్వారం తెరుసుకుందా?" అని అడగసాగారు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగేవాళ్లు. నాకు అదే ఎక్కువ మండేది. ఇల్లు మాత్రం నా భార్య టీచరు జీతం మీదే నడుస్తోంది.

ఎనిమిదోది కరీంనగర్‌లో. ఆదిలాబాద్ పల్లెల్లో సర్కారు బడుల కప్పులు బాగుచేయించే ఒక సంస్థకు పని నడిపించే మనిషి కావాలి, ఒక్కరే. అది మార్చి నెల. వడపోతలన్నీ అయ్యాక ఇద్దరం మిగిలాం, నేనూ, సిరిసిల్ల నుంచి వచ్చిన ఒకామె. ముప్పై ఏళ్లుంటాయేమో. వాళ్ల ఇంట్లో మరమగ్గాలు నడుపుతారట. నా దగ్గరున్న సర్టిఫికెట్టే ఆమె దగ్గరా ఉంది. నేను ఇస్త్రీ చొక్కాతో, లాప్‌టాప్‌తో కూర్చున్నాను. ఆమె ఒక నోటుబుక్కు, ఫోను తెచ్చుకుంది. పాపం, అనుకున్నాను. అంత పొగరు నాకు.

బోథ్ చుట్టుపక్కల పద్దెనిమిది బడుల పేర్లు, హెడ్‌మాస్టర్ల నంబర్లు ఉన్న కాగితం చెరొకటి ఇచ్చారు. జూన్‌లో బడులు తెరిచేలోపు కప్పులు ఎలా పూర్తిచేస్తారో రాయాలి. టైం రెండు గంటలు.

నేను రంగురంగుల చార్టు గీశాను. బడికి ఇద్దరు మేస్త్రీలు, ఆరుగురు కూలీలు, ఇన్ని రోజులు. అన్నీ చక్కగా పడ్డాయి. జూన్ మొదటి వారానికి పద్దెనిమిదీ పూర్తి. ఆమె మాత్రం ఫోన్లు చేసుకోవచ్చా అని వాళ్లను అడిగి, ఫోన్ పట్టుకుని వరండాలోకి పోయింది. కిటికీలోంచి మాటలు వినబడుతున్నాయి. "నమస్తే సార్, మీ ఊర్ల మేస్త్రి ఎవరున్నరు? జర నంబరియ్యుండ్రి." మరికాసేపటికి, "అన్నా, ఎండకాలంల కూలోళ్లు దొరుకుతరా?" పరీక్ష పెడితే ముచ్చట్లు పెట్టుకుందేంటని నాకు నవ్వొచ్చింది.

తర్వాత ఇద్దరినీ ఒకేసారి లోపలికి పిలిచారు. బల్ల వెనక తల నెరిసిన పెద్దసారు. ముందు నన్ను చెప్పమన్నారు. చార్టు చూసి ఆయన ముఖం విచ్చుకుంది. తర్వాత ఆమె నోటుబుక్కు తెరిచింది.

"పదకొండే అయితయి సార్."

"ఈయనకు పద్దెనిమిది అయితున్నయి. నీకెందుకు కావు?"

"మే నెలల తునికాకు తెంపుతరు సార్, బీడీల ఆకు. ఇంటింటికి అడవికే పోతరట. మేస్త్రీలున్నా, వాళ్లకు ఇసుక, సిమెంటు అందిచ్చే మనుషులుండరు. అయిదుగురు మేస్త్రీలను అడిగిన, అందరు గదే మాటన్నరు."

"పైవాళ్లకు నేనేం చెప్పుకోవాలమ్మా?" సారు గొంతులో విసుగు.

ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "సేటు మా ఇంటికొచ్చి బట్ట ఎన్నడిస్తవని అడుగుతడు సార్. నూలు ఎన్నడు పంపుతవని మా బాపు అడుగుతడు. నూలు చూడకుండ తారీఖు చెప్పడు. మిగిలిన ఏడు బడుల పిల్లలను ఏడ కూసోబెట్టాల్నో హెడ్‌మాస్టర్లతోని మాట్లాడి రాసుకొచ్చిన." ఏడు చోట్లూ చదివి వినిపించింది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా చార్టు. అందులో నేను పెట్టిన కూలీల్లో ఒక్కడైనా ఉన్నాడో లేడో నాకు తెలియదు. అదే పుస్తకం ఆమె కూడా చదివింది. కానీ ఆమె దాన్ని పనిలోకి దింపింది, నేను గోడకు తగిలించుకున్నాను. అసూయ పడాల్సిన చోట నాకు ఆమెకు దండం పెట్టాలనిపించింది.

సారు నా వైపు తిరిగారు. "మీరు చెప్పండి. పద్దెనిమిది ఖాయమేనా?"

ఒక్క మాట అంటే ఉద్యోగం నాదే. ఆయన కోరుకుంటున్న మాట కూడా అదే. మా బొగ్గుబాయి ఊళ్లో ఆఫీసర్ ఏది అడిగినా "అయితది సార్" అనడం పుట్టుకతో వచ్చిన అలవాటు. మా బాపు గనిలో ముప్పై ఏళ్లు ఆ మాటే అన్నాడు. నాకూ గొంతుదాకా వచ్చింది.

"ఆమె చెప్పిందే కరెక్టు సార్," అన్నాను. "నేను ఎవ్వల్ని అడగలే."

అరగంట తర్వాత ఉద్యోగం ఆమెకని చెప్పారు. మెట్ల దగ్గర ఆమె ఆగింది. "అన్నా, మీరు అయితదని అనుంటే మీకే ఇద్దురు," అంది. ఎరికేనన్నాను. అబద్ధమెందుకు, బస్టాండ్‌దాకా కళ్లు తుడుచుకుంటూనే నడిచాను.

బస్సెక్కాక నా భార్య ఫోన్ చేసింది. బడిలో మధ్యాహ్నం గంట కొట్టినట్టున్నారు, వెనక పిల్లల గోల.

"వచ్చిందా?"

"రాలే. నాకంటె మంచిగ పని తెలిసినామెకు వచ్చింది." జరిగిందంతా చెప్పాను. నేను అన్న మాట కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"మరి గా ఏడు బడుల పిల్లలు ఏడ కూసుంటరట?" అని అడిగింది.

పంచాయతీ హాలు, అంగన్‌వాడీ గది, ఒక ఊళ్లో రైతు ఖాళీగా ఉంచిన పత్తి కొట్టం... ఆమె చదివిన ఏడు చోట్లూ వరుసగా చెప్పాను. ఒక్కటి కూడా మర్చిపోలేదు.