నాలుగు డబ్బాల బొమ్మ

మా ఆయనకు బాగా తెలిసిన పనులు రెండే రెండు. ఒకటి కోయడం, రెండోది కోసినదాన్ని కలపడం. మాట్లాడటం ఆయన వల్ల కాదు. పెళ్లయిన కొత్తలో నేనంటే ఇష్టంలేకే నోరు విప్పడం లేదేమోనని మూడు నెలలు దిగులుపడ్డాను. చివరికి ఆయన అక్క, అంటే మా వదిన, "వాడు పుట్టినప్పట్నించీ అంతేనమ్మా, ఏడవడానికి కూడా బద్ధకించేవాడు" అని చెప్పాక గానీ నా మనసు కుదుటపడలేదు.

ఆయన ఉద్యోగం అట్టపెట్టెల ఫ్యాక్టరీలో. పెట్టెలు కోసే అచ్చులు తయారుచేసేవారు. ప్లైవుడ్ పలక మీద పెట్టె ఆకారం గీసుకుని, ఆ గీత వెంట సన్నరంపంతో గాడి కోసి, గాడిలోకి ఉక్కుబ్లేడు దిగగొట్టాలి. ఆ పలకను మెషీన్‌కు బిగించి నొక్కితే కిందున్న అట్ట సరిగ్గా పెట్టె కొలతకు తెగి వస్తుంది. గాడి వెంట్రుకవాసి పక్కకు పోయినా ఆ పెట్టెకు మూత పట్టదు. ముప్పై నాలుగేళ్లలో ఆయన చేసిన అచ్చు ఒక్కటి కూడా వెనక్కి రాలేదని అక్కడ గొప్పగా చెప్పుకునేవారు. ఇంట్లో కిటికీ గడియ బిగించమంటే మాత్రం ఆరు నెలలు పట్టేది.

అదే ఫ్యాక్టరీలో ప్రింటింగ్ మెషీన్ నడిపే ఆయన స్నేహితుడొకడు ఉండేవాడు. అందరూ అతణ్ణి గడియారం అనేవారు. తొమ్మిదింటికి రమ్మంటే తొమ్మిదికి ముందు రాడు, తరవాతా రాడు. వీధి చివర నిలబడి టైము చూసుకుని మరీ వచ్చే రకం. అంత కచ్చితమైన మనిషి మెషీన్లోనే ఒకరోజు ఎరుపురంగు రవ్వంత పక్కకు జరిగి, ఓడరేవు బొమ్మ వేసిన పెద్ద షీటు పాడైపోయింది. ప్రతి ఓడ పక్కనా, ప్రతి తెరచాప పక్కనా ఒక ఎర్రగీత. దాన్ని చెత్తలో వేయబోతుంటే మా ఆయన చుట్టుకుని ఇంటికి తెచ్చారు.

మిగిలిపోయిన ప్లైవుడ్ పలక మీద ఆ షీటును అంటించారు. ఇక రోజూ భోజనాల విరామంలో, ఒకదాంట్లో ఒకటి పట్టేలా నాలుగైదు ముక్కల చొప్పున కోస్తూ పోయారు. మొత్తం ఆరువందల ముక్కలు. ఐదు నెలలపాటు ఆయన చొక్కా జేబుల్లోంచి రంపంపొట్టు దులపలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. "పాడైపోయిన బొమ్మకి ఇంత తిప్పలు ఎందుకండీ?" అని అడిగాను. "బాగున్నవైతే అమ్మేస్తారు కదా" అన్నారు. ఆయనకు మటుకు అది ఉపన్యాసమే.

ఏటా మెషీన్ల మరమ్మతుకని ఫ్యాక్టరీ వారం రోజులు మూసేస్తారు. ఆ వారంలో వచ్చిన ఆదివారం, ఇరవై రెండేళ్ల కిందట, ఆయన అందరినీ పిలిచారు. వదిన వచ్చింది. మా మరిది, తోడికోడలు, వాళ్ల ఐదేళ్ల కూతురు చిట్టి వచ్చారు. గడియారం తొమ్మిదికి బెల్లు కొట్టాడు. ముందుగదిలో రెండు బల్లలు కలిపి దుప్పటి పరిచి ముక్కలన్నీ కుమ్మరించారు. కాసేపటికే ఎవరి తత్వం ఏమిటో తెలిసిపోయింది. వదిన అంచు ముక్కలు తప్ప వేరేవి ముట్టుకోదు. మరిది పట్టని ముక్కను కూడా బొటనవేలితో అదిమి, "పట్టింది చూడండి" అంటాడు. గడియారం ఒక్కో ముక్కనూ కళ్లకు దగ్గరగా పెట్టుకుని తన ఎర్రగీత కోసం వెతుక్కుంటాడు. నేను టీ పెట్టడానికి లేచినప్పుడల్లా నా చోటు ఎవరో ఆక్రమించేవారు. సాయంత్రానికి బొమ్మ పూర్తయింది. ఇంట్లో అందరికన్నా చిన్నది కాబట్టి చివరి ముక్క చిట్టిచేత పెట్టించారు. అందరం చప్పట్లు కొట్టాం.

పక్కవాటా ఆవిడ మర్నాడు నన్ను పట్టుకుని, "మీవాళ్లంతా పొద్దస్తమానం ముక్కలాడారటగా" అని గుచ్చి అడిగింది. పేకాటనుకుంది మహాతల్లి. ఆ తరవాత మేం కూడా దాన్ని ముక్కలాట అనే పిలుచుకున్నాం.

ఆ రోజు బొమ్మ చెదరగొట్టేటప్పుడు చిట్టి ఒకటే ఏడుపు. అప్పుడు మా ఆయన లోపలికి వెళ్లి నాలుగు రేకుడబ్బాలు తెచ్చారు. ముక్కలన్నీ బాగా కలిపి, డబ్బాకు నూటయాభై చొప్పున సర్దారు. వదినకొకటి, మరిదికొకటి, గడియారానికొకటి, మాకొకటి. మరిది డబ్బా చిట్టి చేతికిచ్చి, "వచ్చే ఏడాది తీసుకురా. మీలో ఒక్కరు రాకపోయినా బొమ్మకి చిల్లు పడుతుంది" అన్నారు. ఇంట్లో ఎవరూ డబ్బా తెరవకూడదని షరతు. ఇంతమందిని కట్టిపడేసే మాట ఆయన నోటంట రావడం నేను అదే మొదటిసారి వినడం.

మాకు పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను. ఆ ఆదివారం మాత్రం మా ఇల్లు ఇల్లులా ఉండేది. అంతే.

ఆ ఏర్పాటు పదిహేనేళ్లు నడిచింది. ఒక ఏడు వదినకూ తోడికోడలికీ ఏదో మాటామాటా పెరిగి ఉప్పూనిప్పూ అయ్యారు. అయినా ఎవరి డబ్బా వాళ్లు చంకన పెట్టుకుని వచ్చారు, రాకపోతే మాట పడాలి కదా. చెరో మూలా మూతి ముడుచుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి వదిన అంచు ఒకచోట ఆగిపోయింది. కావలసిన ముక్క తోడికోడలి ముందుంది. "ఆ నీలం ముక్క ఇటు పడెయ్యి" అంది వదిన, మొహం చూడకుండా. "పడెయ్యడం దేనికి, తీసుకోండి" అంది ఈవిడ. సాయంత్రం ఇద్దరూ ఒకే రిక్షాలో వెళ్లారు. మా ఆయన గుమ్మంలో నిలబడి నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

దాన్ని పాడుచేసింది నేనే. ఎవరినో అనడానికి లేదు.

ఏడేళ్ల కిందట మరిదికి దూరపు ఊరికి బదిలీ అయింది. ముక్కలాటకు రెండు రోజుల ముందు ఫోన్ చేసి రావడం కుదరదన్నాడు. మా ఆయన ఆ పూట అన్నం కెలికి వదిలేశారు. నాకు మనసాగలేదు. చాటుగా మరిదికి ఫోన్ చేశాను.

"నువ్వు రాలేకపోతే పోనీలే, ఆ డబ్బా అయినా పంపించు. బొమ్మకి చిల్లు పడితే మీ అన్నయ్య తట్టుకోలేరు."

"అరే, అదెంత పని వదినా! ఇవాళే కొరియర్లో వేస్తాను" అన్నాడు. ఆ గొంతులో బరువు దిగిపోయినట్టు నాకు స్పష్టంగా వినిపించింది. అప్పుడైనా బుద్ధి తెచ్చుకోలేదు.

డబ్బా వచ్చింది. మా ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎవరు పంపమన్నారు?" అన్నారు. నేనే అని చెప్పాను. డబ్బాను బల్లమీద పెట్టేసి "మంచి పని చేశావు" అన్నారు. నేనెంత తెలివితక్కువదాన్నంటే, ఆ మాట నమ్మి పొంగిపోయాను. ఆదివారం ఆట అయ్యాక ముక్కలు పంచి మరిది డబ్బాను కొరియర్లో తిప్పి పంపింది కూడా నేనే.

మరుసటేడు వదిన ఫోన్ చేసింది. "మోకాళ్లు పైకి లేవనివ్వడం లేదే. తమ్ముడు డబ్బా పంపించాడట కదా, నేనూ అలాగే పంపిస్తాలే" అంది. ఆ ఏడు బల్ల దగ్గర మేమిద్దరం, గడియారం, అంతే. చిట్టి కూడా లేదు కాబట్టి చివరి ముక్క ఎవరు పెట్టాలన్న తగువు వచ్చింది. "చెల్లెమ్మా, నువ్వే చిన్నదానివి, కానియ్" అన్నాడు గడియారం. నవ్వుకున్నాం. అప్పటికింకా నవ్వొచ్చేది.

మూడేళ్ల కిందట గడియారం పోయాడు. చెప్పాపెట్టకుండా, ఒక మధ్యాహ్నం కుర్చీలోనే. అతని కొడుకు డబ్బా తెచ్చి ఇచ్చి, ఇక తమకు పంపనక్కర్లేదని మర్యాదగానే చెప్పి వెళ్లాడు. అయినా మా ఆయన ఏటా ఆ డబ్బాలోకి కూడా నూటయాభై ముక్కలు లెక్కపెట్టి వేసి, మా డబ్బా పక్కనే పెడుతూ వచ్చారు. నేను అడ్డుచెప్పలేదు.

పోయినేడు ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. మొదట చొక్కా బొత్తాం దగ్గర, తరవాత టీకప్పు దగ్గర. డాక్టరు మందులు రాసి, అది తగ్గేది కాదని, మెల్లిగా పెరిగేదేనని మొహం మీదే చెప్పేశాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా కోసిన చేతులవి. ఇంటికొచ్చాక ఆయన ఫోన్ ఇమ్మన్నారు. తనంతట తాను ఫోన్ అడగడం నేనెరుగను.

"అక్కా, ఈ ఒక్కసారికి రా. వచ్చే ఏడాదికి నా చేతులు ముక్క పట్టుకునేలా ఉండవు." తమ్ముడితోనూ అదే మాట. చిట్టితోనూ అదే మాట. ముగ్గురూ చూద్దామన్నారు. ఫోన్ పెట్టేసి, "వస్తారు" అన్నారు నాతో. రోజుకు రెండుసార్లు అన్నారు. ముగ్గుర్నీ ఒక్కపూట ఆ బల్ల దగ్గర చూడాలన్నది తప్ప ఆయనకు మరో కోరిక లేదు. పక్కవాటా వాళ్ల కుర్చీలు మూడు అడిగి తెచ్చి వేశాను. దుప్పటి ఉతికి పరిచాను. మరిది కుర్చీ ఊగుతోందని ఆయన దాని కాలి కింద అట్టముక్క మడిచి పెట్టారు, అదీ చేతిలోంచి నాలుగుసార్లు జారిపడ్డాక.

ఆదివారం పదింటికి బెల్లు మోగింది. ఆయన నాకంటే ముందు లేచారు. గుమ్మంలో కొరియరతను. రెండు పార్సిళ్లు.

మరిది డబ్బాలో చిట్టి రాసిన కాగితం ఉంది. "పెద్దనాన్నా, ఆఫీసులో సెలవు దొరకలేదు. నాన్నకి కూడా పనుందట. నూటయాభై ఉన్నాయో లేదో నేనే లెక్క చూసి పెట్టాను." వదిన డబ్బాలో అంచు ముక్కలన్నీ వేరే కవర్లో కట్టి ఉన్నాయి. తమ్ముడు వెతుక్కోనక్కర్లేకుండా తనే ఏరి పంపింది. ప్రేమ లేదని నేననను. ప్రేమను కూడా కవర్లో కట్టి పంపడం నేర్పింది నేనే కదా అని నామీద నాకే అసహ్యం వేసింది.

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "కూర్చో" అన్నారు.

కూర్చున్నాం. ఆయన ముక్క తీస్తే వేళ్లలోంచి జారి బల్లమీద టకటకా కొట్టుకునేది. పట్టే చోటు ఆయనకు తెలుసు, అక్కడికి చెయ్యి వెళ్లేది కాదు. పన్నెండు దాటాక చేతులు ఒళ్లో పెట్టేసుకుని, "అది, ఆ తెరచాప పక్కది" అని గడ్డంతో చూపించడం మొదలుపెట్టారు. నేను పెడుతూ పోయాను. ఖాళీ కుర్చీలు అడ్డమొస్తుంటే ఒక్కొక్కటే గోడవారకు జరిపాను. నాలుగున్నరకు ఒక్క ముక్క మిగిలింది. ఎర్రగీత ఉన్న ముక్కే.

"చిన్నవాళ్లు పెట్టాలి" అన్నారు.

ఆ గదిలో అందరికన్నా చిన్నదాన్ని నేను. అరవై ఒక్కటి నాకు. పెట్టాను. ఆరువందల ముక్కలు, ఒక్కటీ తగ్గలేదు. ఇరవై రెండేళ్లలో ఆ బొమ్మ అంత సులువుగా ఎన్నడూ పూర్తవలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కాసేపు చూసి, ఆయనే దాన్ని చెదరగొట్టారు. నాలుగు డబ్బాలూ ముందేసుకుని పంచడం మొదలుపెట్టారు. సగం ముక్కలు కిందపడ్డాయి, నేను ఏరి ఇచ్చాను. మూతలు మాత్రం నేను పెట్టబోతే ఒప్పుకోలేదు, ఎంతసేపు పట్టినా తనే పెట్టారు. "ఎవరివి వాళ్లకి పంపించెయ్" అన్నారు.

నేను పంపలేదు. ఏడేళ్లుగా పంపి పంపి విసిగిపోయాను. డబ్బా ఇంకా రాలేదేమని ఎవరో ఒకరు అడుగుతారు, అడిగితే వచ్చి తీసుకెళ్లమని చెబుదామని అలమరలో దుప్పట్ల వెనక దాచాను. ఎనిమిది నెలలైంది. వదిన ఫోన్ చేసి మోకాళ్ల సంగతి చెబుతుంది. మరిది బిల్లుల సంగతి చెబుతాడు. చిట్టి ఫోటోలు పంపుతుంది. డబ్బా మాట ఇంతవరకు ఒక్కరూ ఎత్తలేదు.

నిన్న ఆయనకు అన్నం కలిపి తినిపిస్తుంటే అడిగారు. "డబ్బాలు అందాయటా?"

"అందాయట" అన్నాను.

"జాగ్రత్తగా పెట్టుకోమను. వచ్చే ఏడాది తేవాలి."

"చెబుతాలెండి" అని తరవాతి ముద్ద కలిపాను.