సంసోను గారికి గుండీ పరిచయం

రత్నరాజు గారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఒకరికొకరు తెలియని మనుషులిద్దరు ఒకచోట కనిపిస్తే ఆయన ప్రాణం ఊరుకోదు. పరిచయం చేసి తీరాలి. ఆ ఇద్దరూ ఆయనకి తెలుసా లేదా అన్నది వేరే సంగతి. తెలియకపోతే ముందు తనని తాను ఒక్కొక్కరికీ పరిచయం చేసుకుని, ఆ తర్వాత వాళ్ళిద్దరి చేతులూ కలిపేవారు.

బందరు తాలూకా ఆఫీసులో గుమాస్తా ఆయన. అర్జీ పట్టుకుని వచ్చినవాడు తన పని సంగతి ఎలా ఉన్నా, బెంచీమీద కూర్చున్న మిగతా అర్జీదార్ల ఊళ్ళూ పేర్లూ వియ్యాలవారి వివరాలూ తెలుసుకుని మరీ ఇంటికి వెళ్ళేవాడు.

ఒకసారి కోనేరు సెంటర్లో రెండు సైకిళ్ళు గుద్దుకుని, ఇద్దరు మనుషులు కాలర్లు పట్టుకున్నారు. రత్నరాజు గారు గొడుగు చంకలో పెట్టుకుని మధ్యలో దూరారు.

"ఆగండాగండి! ముందు పరిచయాలు కానివ్వండి. తమరిదే ఊరు?"

"పెడన. అయితే ఏంటంట?"

"తమరిదండీ?"

"గూడూరు. నువ్వెవరయ్యా మధ్యలో?"

కాసేపట్లో తేలిందేమిటంటే, ఆ ఇద్దరి తాతలూ సొంత అన్నదమ్ములు. గట్టు తగాదా వచ్చి విడిపోయారు. దాంతో సైకిళ్ళ గొడవ చప్పున ఆగిపోయి, గట్టు గొడవ మొదలైంది.

"పోనీలెండి, ముక్కూమొహం తెలియనివాళ్ళతో కొట్టుకోవడం కంటే అయినవాళ్ళతో కొట్టుకోవడమే మర్యాద" అని తృప్తిగా గొడుగు విప్పుకుని వచ్చేశారు రత్నరాజు గారు.

ఈ జబ్బుతో అందరికంటే ఎక్కువ అవస్థపడ్డది ఆయన భార్య ఎలీసబెతమ్మ. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలోంచి ఆఖరున బయటపడేది వాళ్ళిద్దరే. పాస్టరుగారు చూసి చూసి, "వచ్చేటప్పుడు తలుపేసి తాళం మా ఇంట్లో ఇచ్చెయ్యండమ్మా" అని తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి భోజనానికి వెళ్ళిపోయేవారు. ఆకలితో కళ్ళు తిరుగుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, భర్త ఎవరో ఒక కంటి డాక్టరుని ఎవరో ఒక కొబ్బరికాయల వర్తకుడికి పరిచయం చేయడం వింటూ ఉండేది.

నయాపైసలు వచ్చిన కొత్తలో పిల్లలిద్దరూ హాస్టళ్ళకి వెళ్ళిపోయారు. ఇల్లు బోసిపోయింది. ఇంట్లో మిగిలింది మొగుడూ పెళ్ళాలూ, రత్నరాజు గారి తల్లి సువార్తమ్మా, రెండు ముసలి కుక్కలూ. అందులో రాణికి చెవుడు. తిండికీ నిద్రకీ తప్ప మరి దేనికీ లేవదు. రెండోవాడు సంసోను. బైబిల్లోని ఆ బలశాలి పేరుకి తగ్గ మనిషి, అంటే కుక్క. దూడంత ఉంటాడు. పక్కింటి నాగుల్ మీరా గారి పందెం పుంజు ఒకరోజు గోడ దిగి ఇటు వచ్చింది గాని, మళ్ళీ అటు వెళ్ళలేదు. ఆ తర్వాత రెండిళ్ళ మధ్యా స్నేహం నిలబడిందంటే అది నాగుల్ మీరా గారి మంచితనం.

అలాంటి ఇంటికి ఎలీసబెతమ్మ సీమకుక్కపిల్లని తెస్తానంది. ఆవిడ అక్క ప్రేమమ్మ గుడివాడలో నర్సు. ఆమె దగ్గర బొచ్చుకుక్క ఈనింది. అందులో ఒకటి తెల్లగా, దూదిపింజలా, గుప్పెడంత ఉంది. ముక్కు నల్లకోటు గుండీలా ఉందని దానికి గుండీ అనే పేరు పెట్టేశారు. ఎలీసబెతమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ఇక దించలేదు.

"మీ సంసోనుకి ఇది ఒక ముద్ద కూడా కాదే" అంది ప్రేమమ్మ. "దీనిమీద పన్ను గాటు పడిందో, మళ్ళీ నా గుమ్మం ఎక్కకు."

"మీ మరిది చూసుకుంటార్లే అక్కా" అంది ఎలీసబెతమ్మ. ఆ మాటమీద ఆవిడకే నమ్మకం లేదు.

గుడివాడలో రైలు కదలగానే రత్నరాజు గారు గుండీ ఉన్న బుట్టమీది గుడ్డ తీశారు. గుడ్లవల్లేరులో ధాన్యం వర్తకుడు గోవర్ధనరావు గారు ఎక్కి ఎదురుగా కూర్చున్నారు.

"నమస్కారం. నా పేరు రత్నరాజండి. ఈవిడ నా భార్య. ఈ అమ్మాయి గుండీ. పుట్టిల్లు గుడివాడ. మెట్టినిల్లు బందరు."

గోవర్ధనరావు గారు కళ్ళజోడు సవరించుకుని బుట్టలోకి చూశారు. "ఏం చదివిందండీ?" అన్నారు గంభీరంగా.

"ఇంకా పళ్ళే సరిగా రాలేదండి. చదువుకి తొందరేముంది?"

పెడన వచ్చేసరికి పెట్టెలో వాళ్ళంతా గుండీకి వరసలు కలిపేశారు. ఎలీసబెతమ్మ మాత్రం చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చుంది. ఆవిడకి ఆ చేలల్లో సంసోను తప్ప మరేమీ కనిపించడం లేదు.

బందరులో దిగాక రత్నరాజు గారు రిక్షాని ఇంటివైపు పోనివ్వలేదు. బడి ఆటస్థలం దగ్గర ఆపించారు.

"ఇక్కడెందుకండీ?"

"ఇంట్లో పరిచయం చేస్తే ఉన్నవాడు యజమానీ, వచ్చినవాడు బిచ్చగాడూ అవుతారు ఎలీసబెతూ. బయటైతే ఇద్దరూ సమానం. నువ్విక్కడ కూర్చో. నేను వాళ్ళని తీసుకొస్తాను."

కాసేపటికి ఊరేగింపు వచ్చింది. ముందు రత్నరాజు గారు, చేతిలో రెండు తాళ్ళు, వాటి చివర రాణీ సంసోనూ. వెనక వినోదం చూద్దామని సువార్తమ్మ. ఆవిడ వెనక ఎందుకైనా మంచిదని కర్ర పట్టుకుని నాగుల్ మీరా గారు.

రాణి పరిచయం తేలిగ్గానే అయింది. బుట్ట వాసన చూసింది, ఆవలించింది, పడుకుంది. సంసోను వంతు వచ్చింది. వాడి మెడమీది వెంట్రుకలు లేచాయి. గొంతులోంచి పిండిమర తిరిగినట్టు చప్పుడు వచ్చింది.

"సంసోనూ, ఈమె గుండీ. గుడివాడ ప్రేమమ్మ గారి..." అని రత్నరాజు గారు మొదలుపెట్టారో లేదో, బుట్ట పక్కకి ఒరిగింది. తెల్లటి దూదిపింజ దొర్లుకుంటూ వెళ్ళి సరిగ్గా సంసోను ముందుకాళ్ళ మధ్య ఆగింది.

"ప్రభువా!" అని ఎలీసబెతమ్మ కళ్ళు మూసుకుంది. నాగుల్ మీరా గారు కర్ర ఎత్తారు. చప్పుడు లేదు. ఆవిడ ఒక కన్ను తెరిచింది. సంసోను దాన్ని ముక్కుతో తిరగేసి చూస్తున్నాడు. గుండీ భయపడాల్సింది పోయి, ఉన్నచోటే తన పని కానిచ్చేసింది. సంసోను తడిసిన కాలు ఎత్తి, విదిలించి, తల తిప్పుకున్నాడు.

"అయిపోయింది!" అన్నారు రత్నరాజు గారు.

అవలేదు. కరవలేదన్న మాటేగాని సంసోను ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. ఇంటికి వచ్చినవాళ్ళంతా "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అని గుండీని ఎత్తుకున్నారు. ఎలీసబెతమ్మ దానికి గిన్నెలో పాలు పోసి పక్కనే కూర్చుంది. సంసోను గుమ్మంలోంచి కాసేపు చూశాడు. తర్వాత లేచి, నెమ్మదిగా వీధిలోకి నడిచి, పక్కింటి అరుగెక్కి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున నాగుల్ మీరా గారు వచ్చారు.

"బావా, మీవాడు మా అరుగుమీద కాపురం పెట్టాడు. మా ఇంటిది షంషున్నీసా బిర్యానీ పెట్టినా ముట్టుకోవడం లేదు. కోడి పక్కనుంచి పోతున్నా తల ఎత్తడం లేదు."

"కోడి పోతున్నా?" రత్నరాజు గారి మొహం పాలిపోయింది.

"కోడి పోతున్నా. నాకే బాధేసింది బావా."

ఆ మర్నాడూ అంతే. సంసోను డొక్కలు లోపలికి పోయాయి. ఎలీసబెతమ్మకి అన్నం సయించలేదు. గుండీని కొంగులో చుట్టుకుని భర్త దగ్గరికి వచ్చింది. "దీన్ని అక్క దగ్గర దింపేసి వద్దామండీ. మన తిండి తిని ఇంతకాలం గుమ్మం కాచినవాడు. వాడి ఉసురు మనకొద్దు" అంది. కొంగులో వెచ్చగా పడుకున్న దాన్ని వదలడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

రత్నరాజు గారు చాలాసేపు గడ్డం రుద్దుకున్నారు. ఉన్నట్టుండి తొడమీద చరుచుకున్నారు.

"తప్పు నాదే. చిన్నదాన్ని పెద్దాయనకి పరిచయం చేశాను. పెద్దాయన్ని చిన్నదానికి పరిచయం చేయాలి గదా! వరస తిరగబడింది. నువ్వు రా, దాన్ని తీసుకురా."

పక్కింటి అరుగుమీద, పట్టపగలు, పోయేవాళ్ళంతా చూస్తుండగా ఆయన సంసోను పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. గుండీని దూరంగా ఎలీసబెతమ్మ ఒళ్ళోనే ఉంచారు. చెయ్యి సంసోను మెడమీద వేశారు.

"అమ్మాయ్ గుండీ, జాగ్రత్తగా విను. వీరు సంసోను గారు. మా వంటింట్లో దూరిన తాచుపాముని మట్టుపెట్టింది వీరే. మా చిన్నమ్మాయికి టైఫాయిడ్ వచ్చినప్పుడు మంచం కింద నుంచి కదలనివారు వీరే. పోస్టుమాను అడుగుల చప్పుడు వీధి మలుపులోనే పోల్చగలరు. పుంజు సంగతి వదిలేద్దాం, అది వయసులో ఉన్నప్పటి మాట. నీకా, మొరగడం కూడా రాదు. గుమ్మం ఎటుందో తెలియదు. నిన్ను వీరే మనిషిని చెయ్యాలి."

అరుగు ముందు ఆగిన సోడాబండివాడు, "ఈ కుక్కగారికి ఇంత చరిత్ర ఉందా అండీ?" అన్నాడు. వంగి సంసోను తల నిమిరాడు. ఇంకొకాయన నిమిరాడు. షంషున్నీసా తలుపు వెనక నుంచి "తెలివైన జీవమండీ" అంది. సంసోను తోక ఒక్కసారి అరుగుకి తగిలింది. కాసేపాగి రెండోసారి తగిలింది.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టం. ఎవరొచ్చినా ముందు సంసోనుని పలకరించాలి. ముందు వాడి పళ్ళెం, తర్వాత రాణిది, ఆఖరున గుండీది. వీధి తలుపు తీస్తే ముందు అడుగు వాడిదే. ఎలీసబెతమ్మకి గుండీని ఎత్తుకోవాలని చేతులు లాగినా, ముందు వెళ్ళి సంసోను చెవి వెనక గోకి వచ్చేది. ఆ సాయంత్రం వాడు ఇంటికి వచ్చి అన్నం వాసన చూశాడు. మర్నాడు సగం తిన్నాడు. ఆదివారం చర్చి నుంచి ఆలస్యంగా వచ్చి చూస్తే, వసారాలో సంసోను బార్లా పడుకుని ఉన్నాడు. వాడి పొట్టకి ఆనుకుని గుండీ నిద్రపోతోంది. వాడి పళ్ళెం నాకేసి ఉంది.

ఎలీసబెతమ్మ గుమ్మంలోనే కూలబడి హమ్మయ్య అనుకుంది.

ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్ళు దొడ్లో కూర్చుని బొమ్మిడాయి చేపలు కడుగుతున్నారు.

"ఈయన పరిచయాలన్నీ కొత్తగా వచ్చినవాళ్ళ కోసమనుకున్నాను అత్తయ్యా, ఇంతకాలం" అంది ఎలీసబెతమ్మ.

"కొత్తగా వచ్చినవాళ్ళకేంటే? వాళ్ళకి అందరూ కుర్చీ వేస్తారు. పాతవాళ్ళ కుర్చీ ఎవరన్నా లాగేస్తున్నారేమో అని చూసేది మావాడొక్కడే" అంది సువార్తమ్మ. చేప తిరగేస్తూ మెల్లిగా అంది. "నువ్వు కాపురానికి వచ్చిన రోజు ఈ ఇంట్లో సంసోనుని నేనే."

"అదేంటి అత్తయ్యా!"

"నువ్వొస్తున్నావని పెట్టె సర్దేసుకున్నా. పెదపారుపూడిలో చిన్నాడి దగ్గరికి పోదామని. ఎవరికీ చెప్పలేదు. వాడు కనిపెట్టాడు. నిన్ను గుమ్మంలో నిలబెట్టి ఏమన్నాడో గుర్తుందా? 'అమ్మా, ఈమె ఎలీసబెతు. చేపల పులుసు పెట్టడం బొత్తిగా రాదంట. నీ దగ్గర నేర్చుకుందామని ఆశపడి వచ్చింది' అన్నాడు."

ఎలీసబెతమ్మ చేతిలో చేప జారిపోయింది. గుడివాడలో వాళ్ళ వీధి వీధంతా ఆవిడ పులుసు కోసం గిన్నెలు పట్టుకుని వచ్చేది.

"పెళ్ళి హడావిడిలో ఆ మాట నా చెవిన పడలేదు అత్తయ్యా! నాకు రాదన్నారా? అందుకా మీరు రెండేళ్ళు నన్ను పొయ్యి పక్కన నిలబెట్టి నేర్పించింది! అత్తగారు గదాని నోరు మూసుకుని నిలబడ్డాను!"

"నిలబడ్డావులే. మంచి పిల్లవి."

"నిజంగానే నమ్మారా, నాకు రాదని?"

"చేప పట్టుకున్న తీరు చూడగానే తెలిసిపోయింది, నాకంటే బాగా వచ్చని."

"మరి?"

"మరేముంది? పెట్టె విప్పేశాను."

ఎలీసబెతమ్మ నవ్వింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు చేపల చేతులాయె. భుజంతోనే తుడుచుకుని, చట్టి పొయ్యిమీద పెట్టి, అత్తగారివైపు తిరిగింది.

"చింతపులుసు ఎంత పొయ్యమంటారు అత్తయ్యా?"